నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ

తలుపు అవతల తండ్రి ఏమీ తినలేదని ప్రత్యూషకు చప్పుళ్ళను బట్టే తెలిసింది. స్టీలు ప్లేటు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. చాలాసేపటికి అదే ప్లేటు తీసిన చప్పుడు వినపడింది. మధ్యలో ఇంకేమీ లేదు.

తినకపోతే మానెయ్యనీ, నాకేం, అనుకుంది. అనుకున్నాక మోకాళ్ళ మీద తల వాల్చుకుంది.

నిన్న సాయంత్రం తండ్రి పైడిరాజు "నానే" అని ఒప్పుకున్నప్పటి నుంచి ఆ రైల్వే క్వార్టర్లో మాటల్లేవు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక బెత్తెడు పెరడు. అంత చిన్న ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడం కష్టం. అయినా తిరుగుతున్నారు. ఒకరు కొళాయి దగ్గరికి వస్తే ఇంకొకరు పక్కకు తప్పుకుంటున్నారు.

గది మూలన ఆమె సైకిలు ఉంది. వెనక చక్రాన్ని ఇనప స్టాండుకు బిగించి, ఉన్నచోటే ఉండి తొక్కేలా ఏర్పాటు చేసుకుంది. డెంగీ జ్వరం దిగిన వెనకే గుండె కండరానికి వాపు వచ్చి, ఐసీయూలో పడి, బతికి బయటపడ్డ దగ్గర్నుంచి ఆమె తొక్కిందంతా ఆ మూలనే. అంతకుముందు బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఆమె చక్రం తిరగని రోడ్డు లేదు. రైల్వే ఆఫీసులో గుమాస్తా కుర్చీ ఇప్పించింది కూడా ఆ సైకిలే. ఆటల కోటాలో వచ్చిన ఉద్యోగం.

స్టాండు ఎదురుగా ఫోను, ఫోనులో ఒక యాప్. పొద్దున లేవగానే అది మూడు ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర ఎలా పట్టింది, ఒళ్ళు ఎలా ఉంది, మనసు ఎలా ఉంది. జవాబు రాయక్కర్లేదు. నవ్వే బొమ్మ దగ్గర్నుంచి ఏడ్చే బొమ్మ దాకా వరసగా మొహాలుంటాయి, ఒకదాన్ని నొక్కితే చాలు. ఆ జవాబునీ, నిన్న తొక్కినదాన్నీ చూసుకుని, ఇవాళ ఎంత తొక్కాలో రోజుకో రకంగా అదే మార్చి చెబుతుంది. జబ్బుపడి లేచినవాళ్ళకు ఇలాంటిదే మంచిదని కోచ్ తిరుమలరావు చెబితే, గుండె డాక్టరు కూడా సరేనన్నాడు.

నెలల తరబడి ఆ యాప్ ప్రత్యూషకు ఒకటే మాట చెబుతూ వచ్చింది. నువ్వింకా కోలుకోలేదు, ఇవాళ కూడా మెల్లగానే.

ఆమె నమ్మింది. కాళ్ళు ఇంకాస్త తొక్కుతామంటే, మీకు తెలీదు ఊరుకోండి అని వాటినే కసిరింది. రైల్వే జట్టు ఎంపికకు పేర్లు రాసుకుంటున్నప్పుడు, నావల్ల కాదు సర్ అని తనంతట తనే పేరు వెనక్కి తీసుకుంది. తీసుకుని, గ్రౌండు వెనక కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నిలబడి ఏడ్చింది.

నిన్న అదే గ్రౌండులో తిరుమలరావు ఆమె ఫోను తీసుకుని పాత జవాబులన్నీ ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూశాడు. రోజూ ఈ ఏడుపు మొహమేమిటమ్మా, ఒక్కనాడైనా ఒళ్ళు బాగుండలేదా అని అడిగాడు. ప్రత్యూష తెల్లబోయింది. ఆమె పెట్టిన మొహాలు అవి కావు. ఎన్నో పొద్దులు ఆమె నవ్వే బొమ్మనే నొక్కింది. నొక్కి, ఫోను చార్జింగుకు పెట్టి స్నానానికి వెళ్ళేది. తొక్కడం మొదలుపెట్టే దాకా జవాబు మార్చుకోవచ్చు. ఇంట్లో ఎవరో మారుస్తున్నారు.

ఇంటికి రాగానే అడిగింది. వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది. పైడిరాజు ఒక్క క్షణం అటు చూశాడు. తర్వాత తల వంచుకుని, "నానే" అన్నాడు.

ఎందుకని ఎన్నిసార్లు అడిగినా ఆ పైన ఇంకో మాట రాలేదు.

*

తిరుమలరావు పొద్దున్నే ఫోను చేశాడు. జట్టు పేర్లు ఇంకా పైకి వెళ్ళలేదట. రేపు సాయంత్రం పంపుతారట. నీ పేరు చేర్చడానికి నేను మాట్లాడతాను, కానీ ముందు నువ్వు నిజంగా ఎంత తొక్కగలవో నాకు తెలియాలి అన్నాడు. రేపు పొద్దున ఆ ప్రశ్నలకు నిజం జవాబులు పెట్టు, అది ఏం చెబితే అది రోడ్డు మీద తొక్కు, తొక్కాక నాకు చెప్పు అన్నాడు.

"ఇంకో మాట అమ్మా. డాక్టరు చెప్పింది గుర్తుంది కదా. గుండె అదిరినా, కళ్ళు తిరిగినా అక్కడికక్కడ దిగిపోవాలి. దిగిపోయానని నాకు చెప్పాలి. దాచావంటే నిన్ను నేను మళ్ళీ సైకిలు ఎక్కనివ్వను."

దాచను సర్ అంది. దాచే అలవాటు మా ఇంట్లో నాకు లేదు అని కూడా అంది. ఆయన ఇంట్లో వాళ్ళతో మెల్లగా మాట్లాడమని చెప్పి పెట్టేశాడు.

మెల్లగా మాట్లాడే ఓపిక ఆమెకు లేదు. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది.

పైడిరాజు మెట్టు మీద కూచుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఇవాళ ఆయనకు రెస్టు. రెస్టు రోజున బూట్లతో పని లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి పెడుతున్నాడు. గూడ్సు బండ్లు నడిపీ నడిపీ ఎండకు నల్లబడ్డ చేతులు. ఆమె ప్రాక్టీసు చేసే రోడ్డు పక్కన పట్టాలుండేవి. బండి అటుగా వెళ్ళేటప్పుడు ఆయన ఒక్కసారి హారన్ మోగించేవాడు. తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. మీ నాన్న వెళ్తున్నాడే అనేవాళ్ళు.

"నాన్నా, ఒక్కటి చెప్పు చాలు. నీకు నా కాళ్ళ మీద నమ్మకం పోయిందా, నా మీదే పోయిందా?"

ఆయన బ్రష్షు ఆపలేదు.

"మాట్లాడు నాన్నా."

"ఏటి మాట్లాడమంటావు."

"సచ్ బోలో, నిజం చెప్పు. బస్, అంతే. నేను పేరు వెనక్కి తీసుకున్న రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నా ఎదురుగా టీ తాగావు. నా ఒళ్ళే నా మాట వినట్లేదు నాన్నా అని నేను నీ దగ్గరే ఏడ్చాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

పైడిరాజు బూటును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మెరుస్తున్న బూటుకే మళ్ళీ పాలిష్ అద్దాడు.

ఆ మౌనం ఆమెను ఇంకా రెచ్చగొట్టింది. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది అనిపించింది. పక్క క్వార్టర్ వాళ్ళు వింటారన్న ఎరుక ఉంది. అయినా గొంతు తగ్గలేదు.

"జబ్బు నన్ను ఎప్పుడో వదిలేసింది నాన్నా. నువ్వే పట్టుకుని కూచున్నావు."

ఆయన చెయ్యి ఆగింది.

"రేపటి నుంచి నేను హాస్టల్లో ఉంటాను. ఈ ఇంట్లో నా ఫోను కూడా నాది కాదు. ఇక నిన్ను నాన్నా అని పిలవడానికి కూడా నాకు..."

"ఆపు."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. లక్ష్మీనరసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు పిండి. తుడుచుకోకుండానే వచ్చేసింది.

"మీ నాన్నని ఇంకొక్క మాట అనకు. ఆయన కాదు. నానే."

ప్రత్యూషకు వెంటనే అర్థం కాలేదు. తల్లికి ఆ ఫోను ఎత్తి మాట్లాడటమే సరిగ్గా రాదు. బొబ్బిలి పక్క పల్లె నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయినా హిందీ బోర్డులు కూడబలుక్కునే చదువుతుంది.

పైడిరాజు లేచి, "నరసా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు.

"ఎల్లను. ఇంకెంతసేపు పడతావు నాను పడాల్సిన మాటలు నువ్వు."

అప్పుడు ప్రత్యూషకు ఒక్కొక్కటిగా తట్టింది. నెలలో సగం పొద్దులు తండ్రి ఇంట్లోనే ఉండడు. రాయగఢ్‌లోనో కట్నీలోనో రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో నిద్రపోతుంటాడు. ఆ పొద్దులు కూడా ఫోనులో ఏడుపు మొహాలే ఉన్నాయి. ఈపాటి సంగతి నిన్ననే తోచి ఉండాల్సింది. తోచలేదు. కోపం తెచ్చుకోవడానికి నాన్న అయితే తేలిక, అందుకే ఆయన ఒప్పుకోగానే ఇంకేమీ ఆలోచించలేదు.

"నీకు చదవడం రాదు కదమ్మా" అంది చివరికి. ఆ మాట అనాలనుకోలేదు. నోటికి అదే వచ్చింది.

"అందులో సదవడానికి ఏటుంది తల్లీ. నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ. అంతే కదా."

*

తర్వాత లక్ష్మీనరసమ్మ చెప్పినదంతా గుమ్మానికి ఆనుకుని నిలబడే చెప్పింది. ఎవరి మొహమూ చూడలేదు.

మొదటిసారి పొరపాటునే అయిందట. చార్జింగు తీగ తీస్తుంటే వేలు తగిలి బొమ్మ మారిపోయింది. వెనక్కి మార్చడం చేతకాలేదు. చెబితే విసుక్కుంటావని చెప్పలేదంది. ఆ రోజు ఫోను కొంచెమే తొక్కమంది. ప్రత్యూష కొంచెమే తొక్కి, అన్నం తిని, మధ్యాహ్నం చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిద్రపోయింది. తల్లి పక్కనే కూచుని ఆ ఊపిరి చూస్తూ చూస్తూ తను కూడా కునుకు తీసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక తల్లికి పట్టిన మొదటి నిద్ర అది.

మర్నాడు కావాలనే మార్చింది. ఆ తర్వాత అలవాటైపోయింది.

"తప్పని తెలీదా అమ్మా?"

"తెలుసు."

"మరి?"

లక్ష్మీనరసమ్మ చేతికంటిన పిండిని వేలితో గీకుతూ ఉండిపోయింది. ఎండిపోయిన పిండి పొరలు పొరలుగా రాలింది.

"రోజూ అది నిన్నే అడుగుతాది. నిద్ర ఎలాగ పట్టింది, ఒళ్ళెలాగుంది, మనసెలాగుంది అని. నన్ను ఒక్కలూ అడగనేదు. నాకు పట్టనేదు నిద్ర. నాది పెట్టీసినాను."

యార్డు వైపు నుంచి బోగీలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు దూరంగా వచ్చి ఆగిపోయింది.

"ఐసీయూలో పడుకున్నది నేనమ్మా" అంది ప్రత్యూష.

"బయట కూకున్నది నాను."

ఆ మాటకు ప్రత్యూషకు ఇంకా మండింది. స్నానాల గదిలో తను పడిపోయిన రోజు తల్లి తలుపు గడియ విరగ్గొట్టుకుని వచ్చిందని తెలుసు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నుంచి లేవలేదని తెలుసు. అవన్నీ తెలుసు. తెలిసినంత మాత్రాన పోయిన నెలలు తిరిగి రావు. తన కాళ్ళను తనే నమ్మకుండా గడిపిన పొద్దులు తిరిగి రావు.

"నేను పేరు వెనక్కి తీసుకుని వచ్చిన రోజు నువ్వు పాయసం చేశావు" అంది మెల్లగా. "ఏంటమ్మా ఇవాళ విశేషం అంటే, ఊరికే అన్నావు. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను."

లక్ష్మీనరసమ్మ పిండి చేతులతోనే కొంగు అందుకుని, మొహానికి కాకుండా, ఊరికే గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. కాసేపటికి లోపలికి వెళ్ళిపోయింది. స్టవ్వు వెలిగించిన చప్పుడు కాలేదు.

ప్రత్యూష తండ్రి వైపు తిరిగింది. క్షమించు నాన్నా అనాలి. నోరు రాలేదు. బదులుగా, "నువ్వెందుకు ఒప్పుకున్నావు?" అని అడిగింది.

పైడిరాజు బూట్లు రెండూ పక్కపక్కన సర్ది పెట్టాడు.

"నిన్న గిన్నె పడ్డాక గానీ నాకూ తెలీదమ్మా. నాను సగం రోజులు బండి మీదే ఉంటాను. నా మీద కోపం పెట్టుకున్నా ఈ ఇల్లు నడిచిపోతాది. మీరిద్దరూ ఒక్క వంటింట్లో తిరగాల."

*

హాస్టలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజంతా ప్రత్యూష ఆఫీసులో ఫైళ్ళు తిరగేస్తూ గడిపింది. సాయంత్రం వచ్చేసరికి ఆమె కంచం మూతపెట్టి ఉంది. తల్లి ముందుగదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని భుజాన్ని చూస్తే తెలుస్తోంది. లేపి మాట్లాడాలా, లేపకుండా మాట్లాడాలా అని కాసేపు నిలబడి, రెండూ చెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఫోను దిండు కింద పెట్టుకుంది. సొంత ఇంట్లో, సొంత తల్లికి దొరక్కుండా.

తెల్లవారుతుండగా ఫోను వెలిగి మూడు ప్రశ్నలూ అడిగింది.

నిద్ర పట్టలేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. మనసు గురించి ఇక చెప్పక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మూడింటికీ ఏడ్చే బొమ్మనే నొక్కాలి. అన్ని నెలల్లో ఆ బొమ్మ నిజమైన రోజు ఇదే.

నొక్కితే ఇవాళ కూడా మెల్లగానే అంటుంది. సాయంత్రానికి పేర్లు వెళ్ళిపోతాయి.

ఇది జబ్బు కాదు, ఇంటి గొడవ, ఫోనుకు ఏం తెలుస్తుంది అని తనకు తనే చెప్పుకుంది. మూడుసార్లూ నవ్వే బొమ్మ నొక్కింది. యాప్ ఒక్క క్షణం తిరిగి, ఇన్నాళ్ళకు మొదటిసారి, నువ్వు సిద్ధంగా ఉన్నావు అంది. కాసేపు ఒళ్ళు వేడెక్కాక, ఉన్న బలమంతా పెట్టి అయిదు దఫాలు తొక్కమంది. దఫాకూ దఫాకూ మధ్య ఊపిరి తీసుకోమంది.

సైకిలు స్టాండు నుంచి విప్పి బయటికి తెస్తుంటే తల్లి గుమ్మం పక్కనే ఉంది. జరిగి దారి ఇచ్చింది. చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఇవ్వబోయి, తీసుకుంటుందో లేదో అన్నట్టు ఆగింది. ప్రత్యూష సైకిలుకున్న సీసా నిండే ఉందని చూపించింది. అంతకంటే ఏమీ అనలేదు. అనకపోవడమే ఎంత పెద్ద మాటో వీధి మలుపు తిరిగాక తెలిసింది. తెలిసినా వెనక్కి తిరగలేదు.

చలి మొదలైన రోజులు. తోర్వా దాటి లింగియాడీహ్ వచ్చేసరికి ఇళ్ళ ముందు బొగ్గు కుంపట్ల పొగ నేలబారుగా పరుచుకుని ఉంది. మోప్కా దాకా ఒళ్ళు వేడెక్కించుకుంటూ తొక్కింది. కొత్త కాలనీల ఇళ్ళు వెనకబడి, కోతలైన మడి చెక్కలు మొదలయ్యాక, చెవిలోని ఇయర్‌ఫోనులో యాప్ ఇక కానిమ్మంది.

మొదటి దఫాలో కాళ్ళు కొంచెం తడబడ్డాయి. మధ్యకొచ్చేసరికి దారి దొరికింది. తొడల్లో మంట పుట్టి, అది ఎక్కడి వరకు పోనివ్వాలో, ఎక్కడ పట్టి ఉంచాలో ఒంటికే గుర్తొచ్చింది. రెండో దఫాలో గాలి చెవుల పక్క నుంచి కోసుకుపోయింది. బొగ్గు లారీ ఒకటి దాటి వెళ్ళింది. దాని వెనక గాలిలోకి దూరి కొంతదూరం దాని వేగంతోనే వెళ్ళింది.

మూడో దఫా అయ్యాక, హ్యాండిలు మీద వాలి ఊపిరి తీసుకుంటూ, తను ఏడుస్తోందని గమనించింది. ఇన్నాళ్ళూ ఇదంతా ఈ కాళ్ళలోనే ఉంది. వాటిని కట్టేసిందెవరో ఇప్పుడు తెలుసు. ఆ చేతులే తనకు అన్నం కలిపి పెట్టాయనీ తెలుసు. ఎవరి మీద ఏడవాలో తెలీక రోడ్డు మీద ఏడ్చింది. గాలికి ఆ నీళ్ళు చెంపల మీదే ఆరిపోయాయి.

నాలుగో దఫా రోడ్డు గడ్డ ఎక్కేచోట వచ్చింది. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కింది. గడ్డ సగం ఎక్కేసరికి గుండె ఒక్కసారి ఆగినట్టయింది.

ఆగి, తర్వాత గుప్పిట్లో పట్టిన పిచ్చుకలా కొట్టుకుంది. వరస లేదు, లయ లేదు. ఈ కొట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. ఐసీయూలో పడుకుని విన్నది ఇదే.

దిగిపోవాలి. అక్కడికక్కడ దిగిపోవాలి. తెలుసు. తెలిసి కూడా ఇంకొన్ని తొక్కులు తొక్కింది. గడ్డ పైకి ఎక్కేస్తే చాలనిపించింది. ఎదర రోడ్డు బూడిదరంగులోకి తిరిగాక గానీ చేతులు బ్రేకు పట్టలేదు.

కల్వర్టు గోడ మీద కూచుని తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. చెవిలో యాప్ ఇంకా తొక్కమంటూనే ఉంది. చెవిలోంచి పీకేసింది. చాలాసేపటికి గుండె దారికొచ్చింది. దారికొచ్చిందని తను అనుకుంది.

తల ఎత్తేసరికి కొంతదూరంలో స్కూటర్ ఆగి ఉంది. పైడిరాజు దిగి నడిచి వస్తున్నాడు. ఇంటి దగ్గర్నుంచే వెనక వచ్చాడో, మధ్యలో కలిశాడో తెలీదు. స్వెట్టరు తిరగేసి తొడుక్కుని ఉన్నాడు.

"ఏటమ్మా, ఏటయింది?"

అంతసేపూ ఆమె ఛాతీ మీదే ఉన్న చెయ్యి అప్పుడు కిందికి దిగింది.

"ఏం లేదు నాన్నా. చైను జారిపోయింది. ఎక్కించాను."

ఆయన సైకిలు దగ్గర గొంతుకూచున్నాడు. చైను చూశాడు. పెడలు చేత్తో మెల్లగా తిప్పాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఆయన ఆమె వేళ్ళ వైపు చూశాడు. వేళ్ళకు ఎక్కడా నల్లమరక లేదు.

ప్రత్యూష చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాన్నా, నిన్న నేనన్న మాటలు..."

"అవి ఒగ్గీ, ఇప్పుడవి ఎందుకు" అన్నాడు పైడిరాజు. గొంతుకూచున్నచోటి నుంచి లేవలేదు. తిరుగుతున్న చక్రం దానంతట అది ఆగేదాకా చూశాడు. "తిరుమలరావు గారు గ్రౌండులో ఉంటానన్నారా?"

ఆమె తల ఊపింది.

"ఆయనతో ఏటి చెప్తావో అది నీ ఇష్టం. పెద్దదానివి."

ఒక లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది. ఆ దుమ్ము అణిగేలోపే ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. లక్ష్మీనరసమ్మ. ఎత్తలేదు, ఆపనూ లేదు. అరచేతిలో పట్టుకుని కూతురి మొహంలోకి చూశాడు. నిన్నంతా ఎన్ని మాటలన్నా పడ్డ మనిషి కళ్ళు, ఇప్పుడు భయపడుతున్నాయి.

"మీ అమ్మకేటి చెప్పమంటావు?"

ప్రత్యూష నోరు తెరిచింది. ఫోను మోగుతూనే ఉంది.